చేపపిల్లకు వినికిడి ఎలా వస్తుంది: జీబ్రాచేప గుడ్లతో మీరే చూసే పద్ధతి

చేపకు బయటికి కనిపించే చెవి లేదు. అందుకని దానికి ఏమీ వినిపించదని కొందరు తేల్చేస్తారు. ఇంకొందరు అక్వేరియం అద్దం మీద వేలితో కొట్టి, చేప ఉలిక్కిపడగానే "చూశారా, విన్నది" అంటారు. రెండూ తొందరపాటు మాటలే. చేప చెవి పుర్రె లోపల, కంటికి కాస్త వెనుక, మెదడుకు రెండు పక్కలా ఉంటుంది. అయితే చెవి ఏర్పడడం వేరు, వినడం వేరు. జీబ్రాచేప గుడ్డులో చెవి మొదటి రోజునే కనిపిస్తుంది. ఆ పిల్ల పెద్ద చేపలాగా వినడానికి మాత్రం నెలలు కావాలి. ఈ రెంటి మధ్య ఏ వయసుకు ఏది వస్తుందో కాలేజీ జువాలజీ ల్యాబులోనో, ఒక మైక్రోస్కోపు అరువు దొరికితే ఇంట్లోనో మీరే చూడవచ్చు. పెద్ద ఖర్చేమీ లేదు. తెల్లవారుజామున లేవాలి, కనిపించినదాన్ని వెంటనే నమ్మకుండా ఉండాలి. రెండోదే కష్టం.

జీబ్రాచేపనే ఎందుకు?

ఇది మన ఉపఖండం చేపే. గంగా పరీవాహకంలోని చేపల గురించి ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో రాసినప్పుడు దీన్ని తొలిసారి వర్ణించాడు. 1970లలో అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జి స్ట్రైసింగర్ దీన్ని జన్యు పరిశోధనకు అనువుగా మలిచాక ప్రపంచంలోని ల్యాబులన్నిటికీ చేరింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలోనూ దీని మీద పని జరుగుతోంది. మనకు పనికొచ్చే గుణాలు రెండు. గుడ్డు తల్లి కడుపులో కాకుండా నీళ్లలో పెరుగుతుంది, అది కూడా పారదర్శకంగా. అందువల్ల కోయకుండా, రంగు వేయకుండా లోపలి చెవిని నేరుగా చూడవచ్చు. బొచ్చె, రోహు గుడ్లు కూడా పారదర్శకమైనవే గాని, వాటికి హార్మోను ఇంజెక్షన్లు, హేచరీ తొట్లు కావాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు.

అక్వేరియం దుకాణంలో జీబ్రా డానియో అని అడిగితే ఇస్తారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో మెరిసిపోయే రకం వద్దు, మామూలు నీలి చారలదే తీసుకోండి. మగది సన్నగా, చారల మధ్య పసుపు ఛాయతో ఉంటుంది. ఆడదాని పొట్ట గుండ్రంగా, వెండిరంగులో ఉంటుంది. నాలుగు ఆడవి, మూడు మగవి చాలు.

గుడ్లు పట్టడం

ఈ చేపలు తెల్లవారి వెలుతురు పడగానే గుడ్లు పెడతాయి, పెట్టిన మరుక్షణమే వాటిని తినడం మొదలుపెడతాయి. మీ పనంతా ఈ రెండు అలవాట్ల మధ్య ఉంది.

ముందు రెండు వారాలు చేపలను మంచి తిండితో మేపండి. రోజుకు 14 గంటలు వెలుతురు, 10 గంటలు చీకటి ఉండేలా లైటుకు టైమర్ పెట్టండి. సాయంత్రం ఒక ప్లాస్టిక్ టబ్బులో అడుగున గాజు గోళీలు ఒక వరుస పరచి, వాటి మీద నాలుగు అంగుళాల నీళ్లు పోయండి. గుడ్లు గోళీల సందుల్లోకి జారిపోతాయి, చేపల నోరు అక్కడికి అందదు. గోళీలకు బదులు అడుగున సన్నని కన్నాలున్న ప్లాస్టిక్ బుట్టను టబ్బులో దించి, చేపలను బుట్టలో వదిలినా అదే ఫలితం. రాత్రి మగవాటికీ ఆడవాటికీ మధ్య ఒక పారదర్శక ప్లాస్టిక్ అడ్డు పెట్టి, తెల్లారి లైటు వెలిగిన వెంటనే తీసేయండి. అలా చేస్తే గుడ్లు పెట్టిన వేళ మీకు కచ్చితంగా తెలుస్తుంది. తరువాతి లెక్కలన్నీ ఆ వేళ మీదే ఆధారపడతాయి.

గంటలోపు పెద్ద చేపలను తీసేసి, గుడ్లను ప్లాస్టిక్ పిప్పెట్టుతో పెట్రీ డిష్‌లోకి మార్చండి. గుడ్డు ఒక మిల్లీమీటరు పైచిలుకు ఉంటుంది. డిష్‌కు 40 మించకూడదు. కుళాయి నీళ్లయితే ఒక రోజు నిలవ ఉంచి, క్లోరిన్ పోయాక వాడండి. బూజు రాకుండా లేత ఆకాశనీలం రంగు వచ్చేంత వరకు మాత్రమే మిథిలీన్ బ్లూ కలపండి. తెల్లబడిన గుడ్డు చనిపోయినట్లే. పూటపూటకూ ఏరిపారేయకపోతే పక్కవాటినీ పాడుచేస్తుంది.

వయసును గడియారంతో కాదు, థర్మామీటరుతో లెక్కించండి

ఈ చేప గురించి ఎక్కడ చదివినా గంటలన్నీ 28.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెప్పినవే. మీ గదిలో నీళ్లు ఆ వేడిలో ఉండకపోవచ్చు. దానికి ఒక సులువైన లెక్క ఉంది. మీ నీటి ఉష్ణోగ్రతను 0.055తో గుణించి, అందులోంచి 0.57 తీసివేయండి. పుస్తకంలోని గంటలను ఆ వచ్చిన సంఖ్యతో భాగిస్తే మీ గంటలు వస్తాయి. నీళ్లు 25 డిగ్రీలుంటే 24 గంటల దశ చేరడానికి దాదాపు 30 గంటలు పడుతుంది. 33 డిగ్రీలుంటే 19 గంటలకే వస్తుంది. ఈ లెక్క 25 నుంచి 33 డిగ్రీల వరకే పనిచేస్తుంది. మే నెలలో మన ఇళ్లలో నీళ్లు ఆ పైగీతను సులువుగా దాటేస్తాయి కాబట్టి ఈ పని అప్పుడు పెట్టుకోకండి. చలికాలంలో చిన్న అక్వేరియం హీటరు పెట్టిన తొట్టిలో డిష్‌ను తేలించండి.

ఇక్కడి నుంచి నేను చెప్పే గంటలన్నీ 28.5 డిగ్రీల లెక్కే.

మొదటి రోజు: రాళ్లు

గుడ్లు పెట్టిన 18 గంటల నుంచి మైక్రోస్కోపు ముందు కూర్చోండి. ల్యాబులో ఉండే మామూలు మైక్రోస్కోపు 10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో సరిపోతుంది. గుంట ఉన్న స్లైడులో ఒక గుడ్డు, రెండు చుక్కల నీళ్లు చాలు. పైన కవర్‌స్లిప్పు వద్దు, నలిగిపోతుంది.

తల పక్కన, కంటికి వెనుక ఒక చిన్న కోడిగుడ్డు ఆకారపు బుడగ కనిపిస్తుంది. అదే చెవి. అప్పుడప్పుడే దానిలో ఖాళీ ఏర్పడుతుంటుంది. ఆ బుడగ రెండు కొసల్లోనూ కొన్ని కణాలు సన్నని తంతువులు చాచి, ద్రవంలో తేలే రేణువులను తమ దగ్గరికి పట్టుకుంటాయి. 24 గంటలకు వచ్చేసరికి అవి రెండు మెరిసే చుక్కలై ఉంటాయి, అవే చెవిరాళ్లు. ఫోకస్‌ను మెల్లగా పైకీ కిందికీ తిప్పండి. ఒకటి ముందు, ఒకటి వెనుక స్పష్టంగా కనిపిస్తాయి. ముందుదాని పని ముఖ్యంగా ఒంటి సమతూకం, వెనుకదాని పని ముఖ్యంగా వినికిడి. ప్రతి పిల్లలో రెండేసి ఉన్నాయో లేదో లెక్కపెట్టి రాసుకోండి. ఒక్కటే ఉన్నవి, మూడున్నవి కూడా అప్పుడప్పుడు దొరుకుతాయి. వాటిని వేరే డిష్‌లో పెట్టండి, తరువాతి పరీక్షల్లో వాటి ప్రవర్తన పోల్చి చూడవచ్చు.

ఈ రాయి ఎందుకు? చేప ఒంటి సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతే. నీళ్లలో శబ్దతరంగం వచ్చినప్పుడు నీటితో పాటు చేప ఒళ్లు కూడా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. లోపలి రాయి కాల్షియం కార్బొనేటుతో తయారవుతుంది, దాని సాంద్రత నీటికి దాదాపు మూడు రెట్లు. బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డ మనిషి వెనక్కి తూలినట్లు, రాయి ఒంటితో పాటు కదలలేక వెనకబడుతుంది. ఆ తేడాకు రాయి కింద ఉన్న రోమకణాల (కొసన సన్నని వెంట్రుకల్లాంటివి ఉండే కణాల) కొసలు వంగి, నరానికి సంకేతం వెళుతుంది. అంటే శబ్దం వినడానికైనా, ఒళ్లు ఏ వైపు ఒరిగిందో తెలియడానికైనా యంత్రం ఒకటే. ఈ రాళ్ల మీద రోజుకొక పొర చేరుతుంది. సముద్ర చేపల పిల్లల వయసును రోజుల లెక్కన చెప్పే శాస్త్రవేత్తలు ఆ పొరలనే లెక్కపెడతారు.

మొదటి రోజున చూసే చెవికి ఇంకా వినే పని రాలేదు. రాయి వచ్చింది గాని, రోమకణాలు కొద్దిపాటివే. వాటి సంకేతాన్ని కండరాల దాకా చేర్చే దారి తయారు కాలేదు.

రెండో, మూడో రోజు: మోసపోయే రోజులు

ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. 17 గంటల నుంచే గుడ్డులో పిల్ల తనంతట తాను తోక ఆడిస్తూ ఉంటుంది. మీరు బల్ల మీద తట్టినప్పుడు అది కదిలిందంటే అందులో మీ ప్రమేయం ఏమీ లేకపోవచ్చు. ఒక రోజు వయసుకే పిల్లకు స్పర్శ తెలుస్తుంది. 48 నుంచి 72 గంటల మధ్య గుడ్డు పొర చీల్చుకుని బయటికి వచ్చిన పిల్లను మెత్తని వెంట్రుక కొసతో తల దగ్గర తాకితే చటుక్కున తప్పించుకుంటుంది. దాన్ని చూసి ఇది అంత చురుకైనదైతే వినికిడి కూడా వచ్చేసి ఉంటుందని అనుకోవడం సహజం. రాలేదు.

చేపల వెనుక మెదడులో రెండు పక్కలా ఒక్కొక్క భారీ నరకణం ఉంటుంది. వాటికి మౌత్నర్ కణాలని పేరు. వాటిలో ఒకటి సంకేతం పంపిందంటే ఎదురుపక్క కండరాలన్నీ ఒకేసారి బిగుసుకుని, చేప ఆపద వచ్చిన దిక్కుకు దూరంగా విల్లులా వంగి ఎగిరిపోతుంది. తొలి రోజుల్లో ఈ కణాన్ని మేల్కొలిపేది తల మీది స్పర్శ. సుమారు 75 గంటలు దాటాక ఆ పని చెవి అందుకుంటుంది. అప్పటి నుంచే శబ్దానికి ఉలికిపాటు మొదలవుతుంది. కాబట్టి మీ నోటుపుస్తకంలో 48 గంటలకు ఒక ఉలికిపాటు పరీక్ష (ఎలా చేయాలో ఐదో రోజు భాగంలో చెబుతాను), 72కు ఒకటి, 96కు ఒకటి, 120కి ఒకటి రాసి పెట్టుకోండి. ఈ నాలుగింటి మధ్య తేడాయే మీరు చూడదలచిన కథ.

ఈ రెండు రోజుల్లోనే మైక్రోస్కోపులో చెవి రూపం కూడా మారుతుంది. గుడ్డు ఆకారపు బుడగ లోపలికి గోడల నుంచి మొటిమల్లాంటివి పొడుచుకొచ్చి, ఎదురెదురుగా కలిసి స్తంభాలవుతాయి. మూడో రోజుకు అవి అర్ధవృత్తాకార నాళాల రూపం తీసుకుంటాయి. చూడడానికి ఎంత పూర్తయినట్టున్నా, ఒళ్లు తిరగడాన్ని పసిగట్టే పని ఆ నాళాలకు నెల దాటే దాకా రాదు. లోపల అవి మరీ సన్నగా ఉండడం వల్ల వాటిలోని ద్రవం సరిగ్గా కదలదు. ఆకారం చూసి పని ఊహించకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

నాలుగో రోజు: గాలి మింగడం

వినికిడి పరీక్షకు ముందు దీన్ని చూడకుండా దాటవేయకండి. నాలుగు, ఐదు రోజుల వయసులో పిల్ల పైకి వచ్చి నీటి ఉపరితలం దగ్గర గాలి మింగి, గాలితిత్తిని నింపుకుంటుంది. పక్క నుంచి చూస్తే వెన్ను కింద ఒక మెరిసే బుడగ కనిపిస్తుంది. పైకి ఏదో, కిందికి ఏదో తెలియని పిల్ల ఉపరితలాన్ని చేరలేదు. అందుకే ముందురాయి లేకుండా పుట్టిన పిల్లలు గాలితిత్తిని నింపుకోలేక చనిపోతాయి. వెనుకరాయి లేనివి మాత్రం బతికిపోతాయి. చెవికి మొదటి ఉద్యోగం వినడం కాదు, నిలబెట్టడం.

డిష్‌లో నీటి మీద నూనె తెట్టు లాంటిది లేకుండా చూసుకోండి. అది ఉంటే పిల్లలు గాలి అందుకోలేవు. ఐదో రోజు పక్కకు పడిపోతూ, గిరగిరా తిరుగుతూ ఉన్న పిల్లలను లెక్కించి వేరు చేయండి. వాటి చెవిరాళ్లను మళ్లీ మైక్రోస్కోపులో చూడండి.

ఐదో రోజు: ఉలికిపాటు పరీక్ష

పరీక్షకు పది పదిహేను పిల్లలున్న ఒక పెట్రీ డిష్, ఒక చెక్క పలక, నిమిషానికి ఒకసారి ఒకే బలంతో తట్టే సాధనం, స్లో మోషన్ వీడియో తీసే ఫోను కావాలి.

డిష్‌ను పలక మీద పెట్టండి. దారానికి ఒక బరువు కట్టి లోలకంలా వేలాడదీసి, ప్రతిసారీ ఒకే గుర్తు నుంచి వదలండి. అది పలక అంచుకు తగలాలి. చేత్తో తడితే ప్రతి దెబ్బా వేరుగా ఉంటుంది, పైగా మీ చేతి నీడ కదులుతుంది. ఫోను స్టాండు ఆ పలక మీద గాని, ఆ బల్ల మీద గాని ఉండకూడదు. నేల మీద నిలిచే స్టాండు అయితే దెబ్బ పడిన క్షణం వీడియోలో నీటి కదలికగా తెలిసిపోతుంది. సెకనుకు 240 ఫ్రేముల వేగంలో తీయండి. కరెంటు బల్బు ఆ వేగంలో మినుకుమినుకుమంటుంది కాబట్టి బ్యాటరీ టార్చి వాడండి.

పరీక్షకు ముందు ఎయిర్ పంపులు ఆపేయండి. ఇది చాలామంది మరచిపోయే విషయం. అక్వేరియంలో వాడే మామూలు గాలి పంపు మన కరెంటు లయలోనే, సెకనుకు 50 సార్లు, దాని రెట్లలో కంపిస్తుంది. అది సరిగ్గా చేపకు బాగా వినిపించే దిగువ శ్రుతుల దగ్గరే. గది పక్కన మోటారు తిరుగుతుంటే ఆగే దాకా వేచి ఉండండి.

మొత్తం 20 సార్లు చేయండి. అందులో పది నిజం దెబ్బలు, పది ఉత్తుత్తివి. ఉత్తుత్తి దెబ్బకు లోలకం అదే తీరులో ఊగాలి, కానీ పలకకు తగలకుండా పక్కన వేరే స్టాండుకు కట్టిన స్పాంజికి తగలాలి. ఏది ఎప్పుడో బొమ్మాబొరుసు వేసి నిర్ణయించుకోండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య కనీసం ఒక నిమిషం విరామం ఉండాలి.

వీడియోను ఫ్రేము ఫ్రేముగా చూడండి. 240 ఫ్రేముల వేగంలో ఒక్కో ఫ్రేము దాదాపు 4 మిల్లీసెకన్లు. నీరు కదిలిన మూడు, నాలుగు ఫ్రేములలోపే పిల్ల తల, తోక ఒకే వైపుకు వంగి అర్ధచంద్రంలా అయితే అది మౌత్నర్ కణం పని. అంతకంటే ఆలస్యంగా, మెల్లగా వంగితే అది వేరే దారిలో వచ్చిన స్పందన, దాన్ని వేరే గడిలో రాయండి. ఊరికే ఈదుకుంటూ పోవడాన్ని అసలు లెక్కించకండి. నిజం దెబ్బలకు, ఉత్తుత్తి దెబ్బలకు వచ్చిన సంఖ్యలు పక్కపక్కన పెట్టినప్పుడు తేడా స్పష్టంగా లేకపోతే పిల్లలు స్పందించలేదనే రాసుకోవాలి, మీ మనసుకు ఎంత కష్టంగా ఉన్నా సరే. 48 గంటల పిల్లలతో ఇదే పరీక్ష చేసి ఉంటే ఆ తేడా ఎందుకు ముఖ్యమో అప్పటికే తెలిసి ఉంటుంది.

తరువాత సరదాగా ఇంకొకటి చేయవచ్చు. సెకనుకొకసారి చొప్పున ముప్పై దెబ్బలు వరసగా వేయండి. మొదట్లో ఉలిక్కిపడిన పిల్లలు కాసేపటికి పట్టించుకోవడం మానేస్తాయి. అలసిపోయాయేమో అని అనుమానం వస్తే వెంట్రుకతో తాకి చూడండి. చటుక్కున తప్పించుకున్నాయంటే ఒంట్లో సత్తువ ఉంది, శబ్దానికే అలవాటు పడ్డాయి. నరవ్యవస్థ మందులను పరీక్షించే ల్యాబులు ఇదే అలవాటును కొలుస్తాయి.

ఇప్పుడు అసలు చిక్కు. దెబ్బకు పలక కదిలింది, డిష్ కదిలింది, నీళ్లు కదిలాయి. ఆ కదలిక చెవికే కాదు, చర్మానికీ, ఒంటి పక్కన వరుసగా ఉండే పార్శ్వరేఖ రోమకణాలకూ తెలుస్తుంది. పార్శ్వరేఖ రెండో రోజుకే తోక దాకా పాకి ఉంటుంది. ల్యాబులో ఆ కణాలను మందుతో చంపి, చెవిని మాత్రమే మిగిల్చి మళ్లీ పరీక్షిస్తారు. ఇంట్లో ఆ పని మనకు వద్దు. అందువల్ల మీ నోటుపుస్తకంలో "విన్నది" అని రాయకండి, "కంపనానికి ఉలిక్కిపడింది" అని రాయండి. గాలిలో స్పీకరు పెట్టి డిష్ వైపు తిప్పితే చిక్కు తీరుతుందనుకోకండి. గాలి నుంచి నీళ్లలోకి చేరే శబ్దశక్తి వెయ్యింట ఒక వంతే. మీరు డిష్ పక్కన గట్టిగా మాట్లాడినా పిల్లకు అందేది అతి తక్కువ.

మొదటి నెల: మేపడమే సగం పరీక్ష

ఐదో రోజు దాటాక పచ్చసొన సంచి కరిగిపోతుంది, పిల్లకు తిండి పెట్టాలి. ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లలో పెరిగే పారమీసియం అనే ఏకకణ జీవులు మొదటి వారానికి చాలు. తరువాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా (రొయ్యలాంటి చిన్న ఉప్పునీటి జీవి) పిల్లలు వేయండి. ఉడికిన గుడ్డు పచ్చసొన గుడ్డలో పిండి వేసేవారున్నారు గాని, నీళ్లు గంటల్లో పాడవుతాయి. రోజూ మూడో వంతు నీళ్లు మార్చండి. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఈ దశలో కొన్ని పిల్లలు పోతాయి.

రెండో, మూడో వారాల్లో చెవిలో మూడో రాయి పుడుతుంది. అప్పటికి తల చర్మం మసకబారుతుంది కాబట్టి దాన్ని చూడడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. మూడో వారం దగ్గరపడేసరికి గాలితిత్తికి ముందు భాగంలో రెండో గది నిండుతుంది. ఇది మాత్రం పక్క నుంచి లైటు వేస్తే బాగా కనిపిస్తుంది, తప్పక గమనించండి. ఎందుకంటే వినికిడిలో తరువాతి పెద్ద మార్పు ఆ గదికి తగులుకుని వస్తుంది.

జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ వెబర్ 1820లో కొన్ని చేపల్లో గాలితిత్తి ముందు గది నుంచి లోపలి చెవి దాకా గొలుసులా అమరిన చిన్న ఎముకలను వర్ణించాడు. ఒక్కో పక్క నాలుగేసి. శబ్దపు ఒత్తిడికి గాలి నిండిన తిత్తి వ్యాకోచ సంకోచాలు చెందుతుంది. ఆ కదలికను ఈ ఎముకలు చెవికి చేరవేస్తాయి. ఈ గొలుసు లేకుండా చెవిరాళ్లు మాత్రమే ఉన్న చేపకు నీటి కదలికే తెలుస్తుంది, ఈ గొలుసు ఉన్న చేపకు ఒత్తిడి కూడా తెలుస్తుంది. అందుకే పై శ్రుతులు వినిపిస్తాయి. జీబ్రాచేప, బొచ్చె, రోహు, మృగాల, వాలుగ, మార్పు చేప అన్నీ ఈ గుంపువే. కొరమేను, పండుగప్ప, తిలాపియా కావు.

ఈ ఎముకలు పుట్టుకతో రావు. పిల్ల పెరిగేకొద్దీ మెల్లగా ఏర్పడి, ఒకదానికొకటి అమరతాయి. తల మీది చర్మానికి సూది ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు స్పందనను కొలిచిన పరిశోధకులకు, 10 మిల్లీమీటర్ల పిల్ల సుమారు 200 హెర్ట్జ్ వరకే స్పందిస్తుందని, 45 మిల్లీమీటర్ల పెద్ద చేప 4000 హెర్ట్జ్ దాకా స్పందిస్తుందని తేలింది. పియానోలో కుడివైపు చిట్టచివరి మెట్టు 4186 హెర్ట్జ్ అని గుర్తుంచుకుంటే ఆ పైహద్దు ఎంతో ఊహించవచ్చు. తమాషా ఏమిటంటే, ఉలికిపాటును కొలిచిన మరో పరిశోధనలో ఐదు రోజుల పిల్లే పెద్ద చేపతో సమానంగా, 1000 హెర్ట్జ్ దాటిన శబ్దాలకు కూడా స్పందించింది. రెండూ తప్పు కానక్కర్లేదు. ఉలికిపాటుకు చాలా పెద్ద శబ్దం కావాలి, మెదడు స్పందనకు చిన్నదైనా చాలు. పద్ధతి మారితే "వినడం" అనే మాటకు కొలబద్ద మారిపోతుంది. మీరు రాసే ప్రతి ఫలితం పక్కన ఎలా కొలిచారో రాయమని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఈ వయసు నుంచి పిల్లలను రోజులతో కాక పొడవుతో లెక్కించండి. ఒకే రోజు పుట్టినవాటిలో తిండి బాగా దొరికినది నెలకు 12 మిల్లీమీటర్లుంటే, దొరకనిది 7 దగ్గరే ఆగిపోవచ్చు. ఎముకలు పొడవును అనుసరిస్తాయి, క్యాలెండరును కాదు. డిష్ కింద గ్రాఫు కాగితం పెట్టి పైనుంచి ఫోటో తీస్తే కొలత దొరికినట్లే.

మూడు నెలల తరువాత: శ్రుతికి మేత

పెద్దయిన చేపలతో ఉలికిపాటు పరీక్ష కంటే మంచిది మరొకటి ఉంది. తేనెటీగల భాషకు 1973లో నోబెల్ బహుమతి అందుకున్న కార్ల్ ఫన్ ఫ్రిష్, అంతకు యాభై ఏళ్ల ముందే చూపు లేని ఒక చిన్న జెల్లజాతి చేపకు ఈల వేసి మేత పెట్టి, ఈలకే అది బయటికి వచ్చేలా అలవాటు చేశాడు. చేపలు వింటాయా లేదా అన్న పాత వాదం అక్కడితో తీరింది. అదే మీరూ చేయండి.

నీరు తగలని చిన్న బ్లూటూత్ స్పీకరును జిప్ సంచిలో మూసి తొట్టి ఒక మూల దించండి. ఫోను స్పీకరు వద్దు, 300 హెర్ట్జ్ కింద అది దాదాపు మూగదే. శ్రుతి పుట్టించే ఆప్‌తో 400 హెర్ట్జ్ శబ్దాన్ని మెల్లగా మొదలుపెట్టి పది సెకన్లు వినిపించండి. అది సాగుతుండగానే ఎదురు మూలలో మేత వేయండి. స్పీకరు దగ్గరే మేత వేస్తే శబ్దానికి వచ్చాయో, స్పీకరు పెట్టెకు వచ్చాయో తెలియదు. రోజుకు రెండు మూడుసార్లు, కొన్ని వారాలు ఇలా చేయండి. మీరు తొట్టి ముందుకు వచ్చే వేళలు మార్చండి, అట్టపెట్టె అడ్డం పెట్టుకుని మేత గొట్టం ద్వారా వేయండి. లేకపోతే చేపలు శ్రుతిని కాదు, మిమ్మల్ని నేర్చుకుంటాయి. ఈ తెలివి వాటికి బాగానే ఉంది.

ఆ తరువాత మేత లేకుండా శ్రుతి మాత్రమే వినిపించి, మేత మూలలో ఎన్ని చేరాయో వీడియో తీయండి. కొన్నిసార్లు స్పీకరు మోగించకుండానే అంతే సేపు తీయండి. ఆ వీడియోలను శబ్దం తీసేసి, ఏది ఏదో తెలియని స్నేహితుడి చేత లెక్కపెట్టించండి. 400 కుదిరాక 1000, 2000 ప్రయత్నించండి. చిన్న గాజు తొట్టిలో శబ్దం గోడల నుంచి తిరిగివచ్చి గందరగోళంగా ఉంటుంది కాబట్టి ఏ శ్రుతి ఎంత బాగా వింటుందో ఈ పద్ధతిలో చెప్పలేరు. విన్నదా లేదా అన్నంత వరకే చెప్పగలరు.

వంటింట్లో ఒక చూపు

రాళ్లను చేతిలోకి తీసుకుని చూడాలని ఉంటే పులుసుకు తెచ్చిన తలకాయ చాలు. పండుగప్ప గాని కొరమేను గాని అయితే పుర్రెను పొడవునా రెండుగా చీల్చి, మెదడు కింద వెనుకవైపు వెతకండి. తెల్లని గట్టి రాళ్లు ఒక్కో పక్క ఒకటి సులువుగా దొరుకుతాయి. రోహు, బొచ్చెల్లో ఆ రాయి సూదిలా సన్నగా ఉండి వెంటనే విరిగిపోతుంది. వీటిలో పెద్దది మూడో రాయే. దానికి బదులు రోహులో పుర్రె వెనుక, వెన్నెముక మొదలయ్యే చోట గాలితిత్తి ముందు కొసను పట్టుకుని ఉన్న వెబర్ ఎముకల్లో పెద్దదాన్ని వెతకండి. ఉడికిన మెడ భాగాన్ని పట్టకారుతో మెల్లగా విప్పుతూ పోతే దొరుకుతుంది.

పరీక్షలు అయిపోయాక చేపలను చెరువులోనో, కాలువలోనో వదలకండి. అక్వేరియంలో పెరిగినవాటితో రోగాలు కూడా వెళతాయి. దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా ఉంచుకోండి. బాగా చూసుకుంటే మూడేళ్ల దాకా బతుకుతాయి. ఈ పరీక్షలు కాలేజీలో చేస్తుంటే పెద్ద చేపలను ముట్టుకునే ముందే మీ సంస్థ జంతు నైతిక కమిటీని అడిగి అనుమతి తీసుకోండి.